ఆరు చిన్న పడవలు, ఒక డబ్బాల పడవ

పడవ సంగతి ఆడదానికేం తెలుసని ఆ రోజు చేపలవాళ్ల సంఘం షెడ్డులో ఒకాయన అన్నాడు. ఎవరన్నారో నాకు తెలుసు, పేరు మాత్రం రాయను. ఆయన మనవళ్లు ఎదురుపడితే ఇప్పటికీ నాకు నమస్కారం పెడతారు. కానీ ఆ మాట గుర్తొస్తే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ షెడ్డులో ఉన్న పద్దెనిమిది ఇళ్లవాళ్లలో ఏడాది పొడవునా నీళ్లలోకి దిగేది ఆ ఆడమనిషి ఒక్కతే. మిగతావాళ్లు మేడలు కట్టే చోట కూలికో, కాపలాకో పోతూ, చేపలు బాగా పడే నెలల్లో మాత్రం చెరువు మొహం చూసేవాళ్లు.

ఆమె పేరు పోచమ్మ. 1999లో నేను గచ్చిబౌలి దారిలో ఒక జిరాక్సు దుకాణంలో టైపు కొట్టేవాణ్ణి. మాది అనంతపురం పక్క పల్లె. హైటెక్ సిటీ కట్టారు, కంప్యూటరు వస్తే చాలు ఉద్యోగం చేతిలో పెడుతున్నారని ఎవరో చెబితే నమ్మి వచ్చాను. వచ్చి, ఉద్యోగాలకు పోయేవాళ్ల బయోడేటాలు టైపు చేసే దగ్గర ఆగిపోయాను. పోచమ్మ ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. రామాంజనేయులు అనే నా పేరు ఆమె నోట్లో మొదటి వారంలోనే అంజయ్య అయింది.

గుండ్ల చెరువు వాళ్ల ఇంటికి నాలుగడుగుల దూరం. మూడు వైపులా రాళ్లగుట్టలు, పడమటి కొసన తుంగ, గుర్రపుడెక్క. కొర్రమట్ట చేపలుండేది ఆ తుంగలోనే. అక్కడ మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు, అడుగున బురద. నడిచి పోతే తొడల దాకా దిగబడతారు. అందుకని పోచమ్మ లారీ ట్యూబులో గాలి నింపి, దాని మీద అడ్డంగా ఒక పలక కట్టి, పలక మీద కూర్చుని చేతులతో నీళ్లు తోసుకుంటూ పోయేది. నడుం పైన ఒళ్లంతా పొడిగానే ఉంటుంది. కాళ్లు మాత్రం మూడు నాలుగు గంటలు నీళ్లలోనే.

ఆ ట్యూబు మీద అంతకు ముందు పద్నాలుగేళ్లు కూర్చున్నది ఆమె పెనిమిటి సాయిలు. చలికాలమని లేదు, జ్వరమని లేదు. మొదట మడమలు తిమ్మిరెక్కాయి, తర్వాత మోకాళ్లు పట్టేశాయి, ఆ తర్వాత ఒక పొద్దున మంచం దిగబోయి కింద పడ్డాడు. ఉస్మానియా దవాఖానలో నెల రోజులు ఉంచారు. నేను కిరాయికి వచ్చేనాటికి ఆయన అరుగు మీద కూర్చుని వలలు అల్లేవాడు, కర్రలు రెండూ పక్కన పెట్టుకుని. నాలుగేళ్లుగా చెరువు గట్టు దాటలేదు. పోచమ్మ ట్యూబు మీద పోవడం మొదలుపెట్టినప్పుడు కులంవాళ్లు ముక్కున వేలేసుకున్నారట. ముక్కున వేలేసుకున్నవాళ్లలో ఒక్కరైనా ఒక్క పూట ఆమెకు బదులుగా పోయారా అంటే లేదు. ఇలాంటి పెద్దరికం మన దేశంలో ఎక్కడైనా చవకే.

ఆ ఏడాది వానాకాలంలో ఆమె మడమలకూ తిమ్మిర్లు మొదలయ్యాయి. రాత్రుళ్లు పొయ్యి దగ్గర కూర్చుని ఆవనూనె రాసుకుంటుంటే చూశాను. సాయిలు ఆ నూనె గిన్నె వంక చూసేవాడు కాదు. వల అల్లుతూ తల వంచుకునే ఉండేవాడు.

అప్పుడే చెరువు తూర్పు గట్టున ఆఫీసు మేడలు కడుతున్న కంపెనీ ఒకటి గట్టు పొడుగునా గోడ పెడతామంది. చేపలవాళ్లు నీళ్లలోకి దిగే రేవు ఆ గోడ లోపలికి పోతుంది. గట్టు వదులుకుంటున్నట్టు సంఘం కాగితం మీద వేలిముద్రలు వేస్తే, బదులుగా పడవలు ఇస్తారు. ఏ పడవలో మీరే ఎంచుకోండి అన్నారు. ఇంత మర్యాదగా మోసపోయే అవకాశం బీదవాళ్లకు అరుదుగా వస్తుంది.

కంపెనీ మేనేజరు సుబ్రహ్మణ్యం గారు గోదావరి వైపు మనిషి. చెమట పట్టని చొక్కా, మెత్తటి మాట. సంఘం షెడ్డులో రెండు బొమ్మలు పరిచి చూపించారు. మొదటిది అడుగు చదునుగా ఉండే చిన్న పడవ. ఇద్దరు ముగ్గురు కూర్చోవచ్చు, జానెడు నీళ్లుంటే తేలుతుంది, గడతో తోసుకుపోవచ్చు, ఇద్దరు మనుషులు ఎత్తి గట్టున పెట్టొచ్చు. ఇలాంటివి ఆరు ఇస్తారు, మూడు ఇళ్లకు ఒకటి చొప్పున. రెండోది పాంటూన్ అట. పొడవాటి రేకు డబ్బాలు రెండు పక్కపక్కన, వాటి మీద తివాచీ పరిచినట్టు వెడల్పాటి చెక్క నేల, చుట్టూ కడ్డీలు, పైన గుడ్డ పందిరి, వెనక ఇంజను. ఇరవైమంది కుర్చీల్లో కూర్చున్నా ఊగదు. ఆదివారాలు కంప్యూటరు ఆఫీసులవాళ్లు టికెట్టు కొనుక్కుని తిరుగుతారు, నడిపేది సంఘంవాళ్లే, టికెట్ల మీద సంఘానికి వాటా. ఆరు చిన్నవైనా ఒక్కటే పెద్దదైనా కంపెనీకి ఖర్చు ఒకటే.

సంఘం పెద్ద ఐలయ్య సాయిలుకు అన్న. రెండో బొమ్మ చూడగానే ఆయన మీసం కదిలింది.

“ఊరు మారిపాయె. మనం గూడ జర మారాలె. అందరు మన పడవనే సూస్తరు, ఇజ్జతుంటది,” అన్నాడు.

పోచమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సాయిలు రాలేడు కాబట్టి ఆ ఇంటి తరఫున ఆమె వచ్చింది.

“బావా, తుంగల కొర్రమట్టలున్నయి. గీ డబ్బాల పడవ తుంగలకు వోతదా?” అంది.

“తుంగలకెందుకు పోవాలె? మధ్యల తిరుగుతది.”

“మధ్యల తిరిగితె షికారైతది. చేపలెట్లొస్తయి? మాఘమాసంల మధ్యల గూడ నీళ్లు నడుము కాడికి వస్తయి. ఎండకాలంల ఇది బురదల కూసుంటది. ఒడ్డుకు గుంజుదమంటె ఇరవై మంది గావాలె. చిన్నదైతె నేనొక్కదాన్నే తోసుకపోత.”

పడవ సంగతి ఆడదానికేం తెలుసన్న మాట అప్పుడే వచ్చింది. సంఘంలో ఏదైనా తేల్చాలంటే రెండు ముంతలు పెట్టి, ఇంటికొక పుల్ల వేయడం వాళ్ల అలవాటు. ఒకరి పుల్ల ఒకరికి కనపడకుండా ముంతల మీద గోనె కప్పుతారు. ఆ గోనె కింద మగవాళ్లకు తమ మోకాళ్లు గుర్తొచ్చాయేమో, చిన్న పడవల ముంతలో పదకొండు పుల్లలు తేలాయి. డబ్బాల పడవ ముంతలో ఏడు. తీర్మానం నేనే టైపు కొట్టాను, పద్దెనిమిది వేలిముద్రలు పడ్డాయి. ఆరు చిన్న పడవలు.

సుబ్రహ్మణ్యం గారు ముఖం చిట్లించుకోలేదు. “మీ ఇష్టమేనండి. మీకు నచ్చిందే ఇస్తాం. కాకపోతే బొమ్మలో చూసి ఏం తెలుస్తుందండి? పెద్దదాన్ని ఒకసారి తెప్పిస్తాను. కళ్లారా చూడండి, అప్పుడు కూడా వద్దంటే వెనక్కి పంపించేస్తాను,” అన్నారు.

ఆ సాయంత్రం పోచమ్మ నన్ను అడిగింది. “వద్దన్నదాన్ని తెచ్చుడెందుకు అంజయ్యా?”

“చూస్తే తప్పేముంది పోచమ్మక్కా,” అన్నాను. డిగ్రీ చదివినవాణ్ణి, తెలివైనవాణ్ణి. నా తెలివి తగలెయ్య. నిజం చెప్పాలంటే ఆ పందిరి పడవ నీళ్ల మీద ఎలా ఉంటుందో చూడాలని నాకే ఉబలాటంగా ఉంది.

వారం తిరక్కుండా లారీ మీద వచ్చింది. తెల్లటి రంగు, నీలం పందిరి. నేనూ దుకాణానికి సెలవు పెట్టి పోయాను. క్రేను పెట్టి రేవు దగ్గర దింపబోతున్నారు. ఇక్కడ వాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. ఆ చెరువులో కొత్త పడవ ఏదీ బోడి మొహంతో నీళ్లు ముట్టకూడదు. నీళ్లు తాకే ముందే సంఘంలో పెద్ద ఇంటి ముత్తయిదువ ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి. లేకపోతే గంగమ్మ ఆ పడవతో పాటు మనిషిని కూడా తీసుకుంటుందని భయం. పోచమ్మ మామ కాలంలో ఒకసారి అలా జరిగిందని చెప్పుకుంటారు. ఇంకో మాట కూడా ఉంది. బొట్టు పెట్టిన పడవ ఇంటికి తెచ్చుకున్న కోడలితో సమానం. దాన్ని తిప్పి పంపడం ఉండదు.

ఐలయ్య భార్య భూలక్ష్మి ఆ వారం పుట్టింట్లో ఉంది. తర్వాతి ముత్తయిదువ పోచమ్మ. క్రేను గొలుసు కిర్రుమంటూ కిందికి దిగుతోంది. కింద నీళ్లలో మొలలోతున ముగ్గురు లారీ కూలీలు చేతులు పైకెత్తి నిలబడ్డారు. ఒడ్డున ఉన్న ముసలివాళ్లు “ఆగుండ్రి, ఆగుండ్రి” అంటున్నారు. పోచమ్మ ఇంట్లోకి పరుగెత్తి పసుపు, కుంకుమ తెచ్చి, నీళ్లలోకి దిగి, వేలాడుతున్న ఆ రెండు డబ్బాల ముక్కులకూ రాసింది. తనకు అక్కర్లేని పడవకు, ఎవరి పిల్లలో తెలియని ఆ ముగ్గురు కూలీలు బతకాలని బొట్టు పెట్టింది. కంపెనీ తెచ్చిన ఫోటోగ్రాఫరు రెండు ఫోటోలు తీశాడు. సుబ్రహ్మణ్యం గారు జీపులోంచి ఒక కొబ్బరికాయ తెచ్చి ఐలయ్య చేతికిచ్చారు.

తిప్పి పంపించడానికి తెచ్చిన పడవకు కొబ్బరికాయ ఎందుకు కొనుక్కొచ్చినట్టు? ఫోటోగ్రాఫరు ఎందుకు? ఆ క్షణంలో ఇవేవీ నాకు తట్టలేదు, నేను చప్పట్లు కొట్టాను. తర్వాత తెలిసింది, నాలుగు రోజుల ముందే ఆయన ఐలయ్యకు చాయ్ తాగించి, కొత్త పడవ వస్తే మీరేం చేస్తారండీ అని ఆరా తీశారని. మన ఐలయ్య గారు, తమ కులం గొప్ప చెప్పుకోవడానికి ఒక చదువుకున్న మనిషి దొరికాడు గదా అని, పూసగుచ్చినట్టు చెప్పారు.

మర్నాడు కంపెనీ నుంచి కబురు వచ్చింది. పెద్ద పడవను సంఘం పూజ చేసి స్వీకరించినందుకు ధన్యవాదాలు, ఆదివారం ప్రారంభోత్సవం, గట్టు కాగితం మీద వేలిముద్రలు కూడా ఆ రోజే. షెడ్డులో అందరూ నేల చూపులు చూశారు. చిన్న పడవలకు పుల్ల వేసిన పదకొండు ఇళ్లవాళ్లు కూడా.

“బొట్టు వడ్డంక తిప్పి పంపుడు లేదు. నీ చేతితోనే వడ్డది గద,” అన్నాడు ఐలయ్య.

పోచమ్మ నన్ను తోడు తీసుకుని మేనేజరు దగ్గరికి పోయింది. రేకుల గది, అందులో కూలరు, గోడకు రాబోయే మేడల బొమ్మ. బొమ్మలో చెరువు మధ్యన తెల్ల పడవ కూడా ముందే గీసి ఉంది. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“సారూ, మేం ఆరు చిన్నయి గావాలన్నం. కాగితం మీద ఉన్నది,” అంది పోచమ్మ.

“ఉందండి, కాదనను. కానీ తర్వాత మీరే ముచ్చటపడి బొట్టు పెట్టారు కదమ్మా. నేను పెట్టమన్నానా చెప్పండి?”

“మీరు చూడడానికని తెచ్చారు. ఆచారం తెలిసి తెచ్చారు,” అన్నాను నేను.

“మీరు ఈ సంఘంలో సభ్యులాండి?” అని ఆయన ఎంతో మర్యాదగా అడిగారు. కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

పోచమ్మ తన కుడిచెయ్యి ఒకసారి చూసుకుంది. “కూలీ పోరగాండ్లు కింద నిలవడ్డరు సారూ. గందుకు వెట్టిన,” అంది. ఆయన ఆ మాటకు తల ఊపి, ఫోను ఎత్తుకున్నారు. మేము లేచి వచ్చేశాం.

దారిలో ఆమె ఏడ్వలేదు, తిట్టలేదు. తిట్టిందంతా నేనే. ఇంటికి వచ్చాక సాయిలుకు జరిగింది చెప్పింది. ఆయన వల ముడి ఒకటి బిగించి లాగాడు.

“నా కాళ్లు వోయినట్టు నీయి వోతయి. ఇద్దరం అరుగు మీద కూసుంటం. అన్నం ఎవలు వెడ్తరు?” అన్నాడు. పోచమ్మ “నేనొకటి జేస్త. నువ్వు ఏమనద్దు,” అంది. ఏమిటని ఆయన అడగలేదు. నేను అడిగాను. “నీతోని గాదు అంజయ్యా, పండుకో,” అంది.

ఆదివారం పొద్దున్నే రేవు దగ్గర షామియానా వేశారు. బూట్లు, టైలు, ఆడవాళ్ల చేతుల్లో నీళ్ల సీసాలు. పడవకు బంతిపూల దండలు. చేపలవాళ్లందరికీ తలస్నానాలు చేయించి వరసలో నిలబెట్టారు, అదొక ముచ్చట అన్నట్టు. ఐలయ్యకు కంపెనీవాళ్లు తలపాగా చుట్టారు. సుబ్రహ్మణ్యం గారు మైకులో స్థానికుల సహకారం గురించి మాట్లాడుతున్నారు.

పోచమ్మ వరసలోంచి బయటికి వచ్చింది. నీళ్లలోకి దిగింది. కొంగు చివర తడిపి పిండి, మొదటి డబ్బా ముక్కు మీద బొట్టును తుడిచింది. పసుపు పోయేదాకా రుద్దింది. నడుములోతు నీళ్లలో చుట్టూ తిరిగి వచ్చి రెండోది కూడా తుడిచింది.

అతిథులు ఆమె పడవ శుభ్రం చేస్తోందనుకున్నారు. ఒకావిడ మెచ్చుకోలుగా నవ్వింది. సుబ్రహ్మణ్యం గారు కూడా మైకు పట్టుకుని చిరునవ్వుతోనే చూశారు. కానీ వరసలో నిలబడ్డ ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలామె కూలబడింది. పెనిమిటి బతికుండగా ఒక ముత్తయిదువ తన చేత్తో పెట్టిన బొట్టును తన చేత్తోనే తుడవడం వాళ్ల పుట్టుకలో చూడలేదు.

“పోచవ్వా, ఎంత పని జేసినవే,” అన్నాడు ఐలయ్య.

“నా చేతితోనే వడ్డది అన్నవు గద బావా. నా చేతితోనే దీసిన. ఇగ తిప్పి పంపు,” అంది ఆమె, నీళ్లలో నిలబడే.

సుబ్రహ్మణ్యం గారు విషయం తెలుసుకుని, “బొట్టే కదండీ, మళ్లీ పెట్టించేద్దాం,” అన్నారు. మళ్లీ పెట్టే చెయ్యి ఆ పద్దెనిమిది ఇళ్లలో దొరకలేదు. బొట్టు తుడిచిన పడవ ఎక్కే కాలూ దొరకలేదు. ఐలయ్య తలపాగా తీసి కుర్చీలో పెట్టాడు. “ఇగ అది మాది గాదు సారూ. మా పడవలు మాకిచ్చినంక వేలిముద్రలు,” అన్నాడు. ఆయన జీవితంలో పెద్దరికానికి తగ్గ మాట అదొక్కటే అన్నాడని నా లెక్క.

గోడ పునాదులకు వేలిముద్రలు కావాలి. కంపెనీ నెల రోజులు గునిసింది, ఇద్దరు ముగ్గురిని విడివిడిగా పిలిచి మాట్లాడింది, చివరికి ఆరు చిన్న పడవలు పంపింది. డబ్బాల పడవ లారీ ఎక్కి వచ్చిన దారినే పోయింది. కంపెనీ గోడ కంపెనీ కట్టుకుంది.

ఇక్కడితో ఆపితే బాగుండు. నాకు అసలు మంట ఇక్కడినుంచే. ఆరు పడవలూ ఒడ్డున వరసగా పెట్టిన రోజు పోచమ్మ కూడా పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని వచ్చింది. భూలక్ష్మి ఆమె పళ్లేన్ని చేత్తో పక్కకు నెట్టింది.

“నువ్వు జర దూరం నిలవడు చెల్లె. నీ చెయ్యి అచ్చిరాదు,” అంది.

పద్దెనిమిది ఇళ్లవాళ్లూ అక్కడే ఉన్నారు. ఆ చెయ్యి వల్ల కాళ్లు పొడిగా ఉండబోతున్నవాళ్లు. ఒక్క నోరు లేవలేదు. నేను నోరు తెరవబోతే పోచమ్మ నా చొక్కా పట్టుకుని ఆపింది. పళ్లెం రాయి మీద పెట్టి, దూరంగా పోయి నిలబడింది. ఆ తర్వాత పెళ్లిళ్లకు, పేరంటాలకు ఆమెను పిలవడం మానేశారు. కంపెనీ మేనేజరు మోసం చేశాడని వాళ్లు ఒక సంవత్సరం చెప్పుకున్నారు. పోచమ్మ బొట్టు తుడిచిందని మాత్రం నేను ఆ ఊరు వదిలేదాకా చెప్పుకుంటూనే ఉన్నారు. మేనేజరును తిట్టినవాళ్లలో ఒకడికైనా ఆయన ముందు నోరు పెగిలిందా? నోరు పెగిలిన ఒక్కదాన్నీ వెలివేశారు.

వంతు ప్రకారం మూడో రోజు పడవ పోచమ్మకు వచ్చింది. తెల్లవారుతుండగా సాయిలును నేను వీపు మీద మోసుకుపోయి పడవ మధ్యలో కూర్చోబెట్టాను. నాలుగేళ్ల తర్వాత ఆయన నీళ్ల మీదికి రావడం అదే. పోచమ్మ గడ వేసి తోసింది. పడవ తుంగలోకి, జానెడు నీళ్ల మీద, బురద తగలకుండా పోయింది. ఆమె చీర కుచ్చిళ్ల అంచు కూడా తడవలేదు.

ఒడ్డు కనపడనంత దూరం వచ్చాక సాయిలు మొలలోంచి చిన్న పొట్లం తీశాడు. అందులో పసుపు, చిటికెడు కుంకుమ.

“ఎవలు జూస్తలేరు. నువ్వు వెట్టు,” అన్నాడు.

పోచమ్మ గడ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“దానికి బొట్టున్నది. నాకు వెట్టు,” అంది, మొహం కిందికి వంచి. సాయిలు వేలు కుంకుమలో అద్ది, ఆమె నుదుటిన పెట్టాడు.